డక్స్‌ఫర్డ్ నుంచి చర్చ్ ఫెంటన్‌కు: పాత యుద్ధవిమానాల ప్రదర్శన చోటు మారితే ఏమి మారుతుంది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ నాన్నగారు భారత వైమానిక దళంలో పనిచేసి రిటైరయ్యారు. 2019లో ఆయనను ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌కు తీసుకెళ్లి ‘ఫ్లయింగ్ లెజెండ్స్’ ప్రదర్శన చూపించారు. ఆయన ఇప్పటికీ ఆ రోజు గురించే మాట్లాడుతున్నారు. మళ్లీ తీసుకెళ్దామని చూస్తే, ఆ ప్రదర్శన యార్క్‌షైర్‌లోని చర్చ్ ఫెంటన్‌కు మారిందనీ, 2023 జులైలో అక్కడ ఒకసారి జరిగి, 2024లో జరగనేలేదనీ తెలిసింది. "కొత్త చోట రన్‌వే ఇంకా పొడవు. అది కూడా పాత వైమానిక స్థావరమే. విమానాలు తమంతట తాము ఎగిరి రాగలవు. మరి చోటు మార్చడంలో అంత కష్టం ఏముంది?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. పాత యుద్ధవిమానాల ప్రదర్శనకు ప్రాణం రన్‌వేలో లేదు, హ్యాంగరులో, అంటే విమానాలను ఉంచి బాగుచేసుకునే షెడ్డులో ఉంది. ఫ్లయింగ్ లెజెండ్స్ యార్క్‌షైర్‌కు వెళ్లింది కానీ విమానాల ఇల్లు డక్స్‌ఫర్డ్‌లోనే ఉండిపోయింది. పెళ్లి ఒక ఊళ్లో, వంటశాల ఇంకో ఊళ్లో పెట్టుకున్నట్టు. జరిపించవచ్చు, బాగానే జరిపించవచ్చు. కానీ ప్రతి ఏడాదీ అలాగే జరిపించాలంటే డబ్బూ ఓపికా రెండూ కరిగిపోతాయి.

నా సంగతి రెండు మాటల్లో: వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్‌ని. డకోటా రవాణా విమానాల మీద పని నేర్చుకున్నాను. తరువాత ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాను. పాతికేళ్లుగా వేసవి వారాంతాల్లో పాత విమానాల గ్రౌండ్ సిబ్బందితో కలిసి స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. పైలట్‌ను కాదు. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా నేల మీది నుంచి కనిపించే సంగతే. మీ ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు నేల మీదే ఉంది.

ఇల్లు అంటే ఏమిటి?

ఫ్లయింగ్ లెజెండ్స్‌ను నడిపింది ‘ది ఫైటర్ కలెక్షన్’ అనే సంస్థ. దాని విమానాలు డక్స్‌ఫర్డ్ హ్యాంగర్లలోనే ఉంటాయి. బేర్‌క్యాట్, కోర్సెయిర్, వైల్డ్‌క్యాట్, హాక్ 75, గ్లాడియేటర్, స్పిట్‌ఫైర్లు, అన్నీ 1930, 40ల నాటి యుద్ధవిమానాలే. అదే మైదానంలో స్పిట్‌ఫైర్లనూ బ్లెనిమ్‌నూ తిరిగి ప్రాణం పోసి ఎగిరించిన ‘ఎయిర్‌క్రాఫ్ట్ రిస్టోరేషన్ కంపెనీ’ ఉంది. ‘సాలీ బి’ అనే బి-17 బాంబరు కూడా అక్కడి నుంచే ఎగురుతుంది. అంటే 1993 నుంచి 2019 వరకు ప్రదర్శన జరిగిన రోజుల్లో, పాల్గొనే విమానాల్లో పెద్ద వాటా ఎక్కడి నుంచీ రానక్కరలేదు. ఉదయం తలుపులు తెరిచి, తోక చక్రానికి కడ్డీ తగిలించి, బయటికి తోసుకురావడమే.

చోటు మారాక అవే విమానాలు చర్చ్ ఫెంటన్‌కు వెళ్లాల్సి వచ్చింది. గీత గీసి కొలిస్తే రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. స్పిట్‌ఫైర్‌కు ముప్పై అయిదు, నలభై నిమిషాల ప్రయాణం. కారులో వెళ్లేవారికి అదేమంత దూరం కాదనిపిస్తుంది. కానీ స్పిట్‌ఫైర్ మార్క్ 9 ప్రధాన ట్యాంకుల్లో పట్టేది 85 గ్యాలన్లు, అంటే సుమారు 386 లీటర్లు మాత్రమే. దారిలో మబ్బు కిందికి దిగితే చాలు, బయలుదేరడమే ఆగిపోతుంది. ఈ విమానాల్లో చాలావాటిని కంటికి నేల కనిపించే వాతావరణంలోనే నడుపుతారు. యార్క్‌షైర్‌లో ఎండ కాసినా, మధ్యలో లింకన్‌షైర్ మీద వాన పడుతుంటే యార్క్‌షైర్ జనానికి ఆ విమానం లేనట్టే.

పైగా ఇంజన్ గంటలు. ఆ మార్క్ 9లో ఉండే మెర్లిన్ ఇంజను కొన్ని వందల గంటలు తిరిగితే మొత్తం విప్పి మళ్లీ కూర్చాలి. ఆ పని చేయగల చేతులు ప్రపంచంలో కొద్దిచోట్లే ఉన్నాయి. పది నిమిషాల ప్రదర్శన కోసం రానూపోనూ గంటకు పైగా ఇంజను తిప్పడమంటే, కళ్లు చూసే ఆనందానికి ఇంజను ఆరు రెట్లకు పైగా మూల్యం చెల్లిస్తోందన్నమాట. జెట్ యుద్ధవిమానాల ప్రదర్శనకు ఈ లెక్క లేదు. అవి ఎక్కడో ఉన్న తమ స్థావరం నుంచి ఎగిరి, జనం మీదుగా వెళ్లి, అక్కడికే తిరిగి దిగిపోగలవు. వాటికి కావలసింది ఆకాశం. పాత విమానానికి కావలసింది అమ్మ ఒడి.

ఆ ఒడి విలువ ఆదివారం ఉదయం తెలుస్తుంది. ఇంజను వేడెక్కించి, ప్లగ్గులకు కరెంటు అందించే మాగ్నెటోలు పరీక్షిస్తారు. ఒక మాగ్నెటో ఆపగానే ఇంజను వేగం ఉండవలసిన దానికంటే ఎక్కువగా పడిపోతుంది. ఎక్కడో ప్లగ్గు పాడైందని అర్థం. మెర్లిన్‌కు 24 ప్లగ్గులు, బేర్‌క్యాట్ ఇంజనుకు 36. ఏది పాడైందో పట్టుకుని మార్చాలి. ఇంటి దగ్గరైతే బీరువా తెరిచి కొత్తది తీస్తారు, ఆ ఇంజను లోపలి స్వభావం పదేళ్లుగా తెలిసిన మెకానిక్ పక్కనే ఉంటాడు, మధ్యాహ్నానికి విమానం గాల్లో ఉంటుంది. పరాయి చోటైతే వ్యానులో తెచ్చుకున్నదే సామాను. తెచ్చుకోనిది లేనట్టే.

నేను చూసిన ఒక సంఘటన. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న ప్రదర్శన, తన పాత గడ్డి మైదానాన్ని వదిలి, కాంక్రీటు రన్‌వే ఉన్న కొత్త చోటికి మారింది. పేరు అనవసరం. మాతో వచ్చిన విమానానికి, ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ వెళ్లే గొట్టం దగ్గర చిన్న కారుడు. రబ్బరు గొట్టాన్ని బిగించే పట్టీ ఒకటి మార్చాలి, అంతే. ఆ పట్టీ మా హ్యాంగరులో డజన్లకొద్దీ ఉంది. మేమున్న చోటికీ హ్యాంగరుకూ మధ్య మూడు గంటల దారి. శనివారం సాయంత్రం బయలుదేరిన కుర్రవాడు అర్ధరాత్రి దాటాక తిరిగొచ్చాడు. ఆదివారం విమానం ఎగిరింది. శనివారం మాత్రం టికెట్టు కొని వచ్చిన పిల్లలు దాన్ని కంచె అవతలి నుంచి, నిలబడి ఉండగానే చూసి వెళ్లారు. నాకు ఆ పిల్లల ముఖాలు ఇంకా గుర్తే.

పొడవైన రన్‌వే ఎందుకు జవాబు కాదు?

మీరు రన్‌వే పొడవు గురించి రాశారు. డక్స్‌ఫర్డ్ రన్‌వే ఒకటిన్నర కిలోమీటరు. ఒకప్పుడు ఇంకా పొడవుండేది. 1977లో ఒక కాంకార్డ్ అక్కడ దిగి మ్యూజియంలో చేరింది. ఆ తరువాత ఎం11 మోటార్‌వే కోసం రన్‌వే తూర్పు కొస తెగిపోయింది. ఇక ఆ కాంకార్డ్ ఎగిరి వెళ్లాలన్నా వెళ్లలేదు. కానీ స్పిట్‌ఫైర్‌కు ఆ పొడవు చాలా ఎక్కువ. అది పుట్టింది చిన్న పచ్చిక మైదానాల కోసం.

పొడవు కంటే ముఖ్యమైనవి మూడున్నాయి. మొదటిది గడ్డి. డక్స్‌ఫర్డ్‌లో తారు రన్‌వే పక్కనే, దానికి సమాంతరంగా గడ్డి రన్‌వే ఉంది. 1930లలో యుద్ధవిమానాల మైదానమంటే నలుదిక్కులా పరుచుకున్న గడ్డి. గాలి ఎటు వీస్తే అటు ముక్కు తిప్పి లేచేవారు. ఆ కాలపు విమానాలు తోక చక్రం మీద కూర్చునేవి. పక్కగాలి కొడితే గాలిపటం తోకలా తిరిగిపోవాలని చూస్తాయి. గడ్డి మీద చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. కాంక్రీటు గట్టిగా పట్టుకుంటుంది, తప్పును క్షమించదు. గ్లాడియేటర్ లాంటి రెండంతస్తుల రెక్కల విమానాలకైతే గడ్డి ఒక సదుపాయం కాదు, దాదాపు అవసరం.

రెండోది ట్యాక్సీ దారి, అంటే విమానం హ్యాంగరు నుంచి రన్‌వేకు నేల మీద నడిచే దారి. స్పిట్‌ఫైర్ రేడియేటర్లు రెక్కల కింద ఉంటాయి. నేల మీద ఉన్నప్పుడు ఎదురుగా చక్రపు కాలు అడ్డం వస్తుంది. గాలి సరిగా ఆడదు. ఇంజను తిప్పిన కొద్ది నిమిషాలకే కూలెంట్ ముల్లు పైకి పాకడం మొదలుపెడుతుంది. హ్యాంగరు నుంచి రన్‌వే కొసకు దూరం ఎక్కువై, ముందు నాలుగు విమానాలు వరుసలో ఉంటే, అయిదో పైలట్ చెమటలు కక్కుతాడు. రన్‌వే పొడవైతే దాని కొసకు చేరే దారి కూడా పొడవే కదా. మీరు లాభమనుకున్నది ఇక్కడ నష్టంగా మారుతుంది.

అంతేకాదు, తోక నేల మీద ఉన్నప్పుడు పైలట్‌కు ఎదురుగా ఏమీ కనిపించదు. పొడవైన ముక్కు అడ్డం. అందుకే పాములా అటూ ఇటూ తిప్పుతూ నడుపుతారు. వెడల్పైన గడ్డి మీద అది తేలిక. రెండు పక్కలా దీపాలు పాతిన ఇరుకు ట్యాక్సీ దారిలో అలా తిప్పలేరు. అప్పుడు నాలాంటివాడు రెక్క కొస పట్టుకుని పక్కన నడవాలి. ప్రొపెల్లరు గాలికి కళ్లు నీళ్లు కారుతుండగా, చేతి సైగలతో దారి చూపిస్తూ ఎన్నో మైళ్లు నడిచాను. కాలి కింద ప్రతి కంకర రాయినీ చూస్తూ నడవాలి. ఎక్కువ కాలం వాడని స్థావరాల్లో కాంక్రీటు అతుకులు చిట్లి రాళ్లు లేస్తాయి. ఒక చిన్న రాయి చెక్క ప్రొపెల్లరు అంచుకు తగిలితే ఆ వేసవి అక్కడితో సరి.

మూడోది అందరూ మరచిపోయేది: ఇంజను ఆగిపోతే ఎక్కడ దిగాలి? ఒకే ఇంజను, అదీ ఎనభై ఏళ్ల నాటి నమూనా. 2017 ఫ్లయింగ్ లెజెండ్స్‌లో ఒక మస్టాంగ్ యుద్ధవిమానం ఇంజను మొరాయించి, రన్‌వేకు చేరలేక, పక్క పొలంలో పొట్ట మీద దిగింది. పైలట్ క్షేమంగా బయటపడ్డాడు. ఇంటి మైదానం చుట్టూ ఏ పొలం చదునుగా ఉంది, ఎక్కడ కరెంటు తీగలున్నాయి, ఈ జులైలో ఎందులో పైరు కోశారు అనేది అక్కడి పైలట్లకు అరచేతి రేఖల్లా తెలుసు. కొత్త చోట అది చదువుకుని తెలుసుకోవాలి. చదువుకున్నదీ అలవాటైనదీ ఒకటి కాదు.

ఆకాశాన్ని కూడా మళ్లీ కొలవాలి

బ్రిటన్‌లో ప్రదర్శన జరపాలంటే పౌర విమానయాన సంస్థ అనుమతి, దాని గుర్తింపు పొందిన ప్రదర్శన డైరెక్టరు ఉండాలి. పైలట్లకు విడిగా ప్రదర్శన అర్హత ఉండాలి. ఈ నియమాలన్నీ ప్రాణాలు పోయాక వచ్చినవే. 1952లో ఫార్న్‌బరోలో ఒక డిహెచ్ 110 జెట్ గాల్లో విచ్చిపోయి 31 మంది చనిపోయారు. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో 70 మంది. 2015 ఆగస్టు 22న షోరంలో ఒక హంటర్ జెట్ ఎ27 రోడ్డు మీద కూలి 11 మంది మరణించారు. వాళ్లు ప్రదర్శన ఆవరణలో లేరు, బయట ఉన్నారు. అప్పటి నుంచి కంచె లోపలి జనంతోపాటు కంచె బయటి రోడ్లు, ఇళ్లు, ఉచితంగా చూసేందుకు జనం గుమిగూడే గట్లు కూడా లెక్కలోకి వచ్చాయి. ఇది సరైన మార్పేనని గట్టిగా నమ్ముతాను. అయితే దాని అర్థం, డక్స్‌ఫర్డ్‌లో ఇరవై ఏళ్లకు పైగా దిద్దుకుంటూ వచ్చిన పటం చర్చ్ ఫెంటన్‌లో పనికిరాదు. తెల్లకాగితంతో మొదలుపెట్టాలి.

ఫ్లయింగ్ లెజెండ్స్ చివర వచ్చే ‘బాల్బో’ గుర్తుంది కదా. ఇరవైకి పైగా యుద్ధవిమానాలు ఒకే గుంపుగా తల మీదుగా వెళ్లేది. 1933లో 24 విమానాలను అట్లాంటిక్ దాటించి షికాగోకు నడిపిన ఇటలీ వైమానిక మంత్రి ఇటాలో బాల్బో పేరు మీద ఆ మాట వచ్చింది. ఆ గుంపు కట్టడానికి జనానికి దూరంగా చాలా ఆకాశం కావాలి. వేగాలు వేరు, మలుపులు వేరు. ఈలోగా ‘జోకర్’ అనే ఒంటరి విమానం పల్టీలు కొడుతూ జనాన్ని మరిపిస్తుంది. డక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన స్టాన్‌స్టెడ్ విమానాశ్రయపు ఆకాశం ఉందని అక్కడివారందరికీ తెలుసు. చర్చ్ ఫెంటన్‌కు పడమట లీడ్స్ బ్రాడ్‌ఫర్డ్ విమానాశ్రయం, దక్షిణాన అతి దగ్గరలో షెర్బర్న్ ఇన్ ఎల్మెట్ మైదానం. ఆ షెర్బర్న్‌లోనే యుద్ధకాలంలో స్వోర్డ్‌ఫిష్ విమానాలు తయారయ్యాయి. నాకు ఆ ప్రాంతమంటే అందుకే గౌరవం. కానీ గుంపు కట్టే పైలట్‌కు అది దాటకూడని గీత.

గుంపుల విషయంలో పొరపాటు ఎంత ఖరీదైనదో 2022 నవంబరు 12న డల్లాస్‌లో చూశాం. ఒక ప్రదర్శనలో బి-17 బాంబరు, పి-63 ఫైటరు ఢీకొనడంతో ఆరుగురు చనిపోయారు. వాటిని ఎత్తులో విడదీసే పథకం ముందుగా సరిగా వేసుకోలేదని దర్యాప్తు తేల్చింది. అది విని నేను రెండు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. చోటు ఏదైనా సరే, ఎవరు ఏ ఎత్తున, ఏ గీత మీద ఉంటారన్నది నేల మీద ఉండగానే తేలిపోవాలి. చోటు కొత్తదైతే ఆ పని రెట్టింపు.

జనం, వాన, సూర్యుడు

డక్స్‌ఫర్డ్ గుమ్మం ముందే ఎం11 పదో జంక్షన్ ఉంది. రైలులో వచ్చేవారికి విట్‌ల్స్‌ఫర్డ్ స్టేషను. పార్కింగు పొలాలు, మరుగుదొడ్లు, అంబులెన్సు దారులు, అన్నీ దశాబ్దాలుగా అలవాటైపోయాయి. చర్చ్ ఫెంటన్ ఒక పల్లె. రైలు స్టేషను ఉంది, రోడ్లు మాత్రం పల్లె రోడ్లే. ఉదయం తొమ్మిదికి వేల కార్లు ఒకేసారి వస్తే ఆ రోడ్లు ఏమవుతాయో చెప్పనక్కరలేదు. మనవాళ్లకు చెన్నై గుర్తొస్తుంది. 2024 అక్టోబరు 6న మెరీనా మీద వైమానిక దళం ప్రదర్శన. లక్షల మంది, మండే ఎండ, తిరుగు ప్రయాణంలో రైళ్ల దగ్గర తొక్కిడి. అయిదుగురు చనిపోయారు. గాల్లో ఒక్క పొరపాటూ లేదు. వైమానిక దళ దినోత్సవం ఢిల్లీ దగ్గరి హిండన్ దాటి 2022లో చండీగఢ్‌కు, 2023లో ప్రయాగ్‌రాజ్‌కు, తరువాత చెన్నైకి వెళ్లింది. ఊరూరికీ చూపించాలన్న ఆలోచన నాకు ఇష్టం. కానీ ప్రతి ఊరూ మొదటిసారే అయినప్పుడు, నేర్చుకున్న పాఠం మరుసటి ఏడాదికి అక్కరకు రాదు.

వాన సంగతి ఎవరూ అడగరు. నేను చెబుతాను, ఎందుకంటే ప్రదర్శనల లెక్కలు తారుమారయ్యేది అక్కడే. డక్స్‌ఫర్డ్ ఇంపీరియల్ వార్ మ్యూజియం వారిది. మబ్బు దిగి విమానాలు ఎగరకపోయినా, జనం హ్యాంగర్లలోకి వెళ్లి రోజంతా చూడవచ్చు. 1997లో తెరిచిన అమెరికన్ ఎయిర్ మ్యూజియంలో బి-52 బాంబరు కింద నిలబడవచ్చు. టికెట్టు డబ్బు పూర్తిగా వృథా కాదు. మామూలు మైదానంలో వాన పడితే గొడుగు కింద నిలబడటం తప్ప ఏమీ ఉండదు. ఒక్క తడిసిన వారాంతం చాలు, మరుసటి ఏడాది ప్రదర్శనకు డబ్బు పెట్టేవారు వెనకాడటానికి.

సూర్యుడి విషయంలో మాత్రం డక్స్‌ఫర్డ్‌కు మార్కులు వేయను. అక్కడ జనం దక్షిణానికి తిరిగి నిలబడతారు. మధ్యాహ్నమంతా ఎండ కళ్లలో కొడుతుంది, విమానాలు నల్లని నీడల్లా కనిపిస్తాయి. ఫొటోలు తీసేవారు ఇరవై ఏళ్లుగా దీని గురించి మొరపెట్టుకుంటూనే ఉన్నారు.

మరి చోటు మారి నిలబడ్డవి లేవా?

ఉన్నాయి, వాటిని చూస్తేనే నా మాట స్పష్టమవుతుంది. అమెరికాలో పాత యుద్ధవిమానాలను ఎగిరించే ‘కామెమొరేటివ్ ఎయిర్ ఫోర్స్’ అనే సంఘం టెక్సస్‌లోని మెర్సిడెస్‌లో మొదలై, 1968లో హార్లింజెన్‌కు, 1991లో మిడ్‌లాండ్‌కు మారింది. తరువాత కేంద్ర కార్యాలయం డల్లాస్ చేరింది. 1991లో ప్రదర్శనతోపాటు హ్యాంగర్లు, మ్యూజియం, సభ్యులు, పనిముట్లు కూడా కదిలాయి. సంసారం మొత్తం బండెక్కింది. అందుకే కొత్త ఊళ్లో వేళ్లూనింది.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ కూడా చెప్పాలి. అమెరికాలోని ఆష్‌కాష్. ప్రయోగాత్మక విమానాల సంఘం వారి వార్షిక సమావేశం 1953లో మిల్వాకీలో మొదలై, 1959లో రాక్‌ఫర్డ్‌కు, 1970లో ఆష్‌కాష్‌కు మారింది. సంఘం కార్యాలయం అక్కడికి వచ్చింది ఎన్నో ఏళ్ల తరువాత. అంటే ముందు పండుగ, తరువాత ఇల్లు. అయినా నిలబడింది, మహావృక్షమైంది. ఎలా? అక్కడికి వచ్చేవారు తమ విమానాల్లో తామే వస్తారు, రెక్క కింద గుడారం వేసుకుని పడుకుంటారు, పక్కవాడి ఇంజను పాడైతే నలుగురు చేతులు కలుపుతారు. ప్రతి ఒక్కరూ తన ఇంటిని వెంట తెచ్చుకుంటారన్నమాట. కొన్ని అరుదైన విమానాల మీద ఆధారపడే ప్రదర్శనకు ఆ బలం ఉండదు.

చర్చ్ ఫెంటన్‌కు చరిత్ర లేదని మాత్రం ఎవరూ అనకూడదు. 1937లో తెరిచిన స్థావరం. 1940లో అమెరికన్ వాలంటీర్ల మొదటి ‘ఈగిల్’ స్క్వాడ్రన్ అక్కడే రూపుదిద్దుకుంది. 1939 అక్టోబరులో 242వ స్క్వాడ్రన్ అక్కడే మళ్లీ ఏర్పడింది. మరుసటి ఏడాది పైలట్ డగ్లస్ బేడర్ నాయకత్వంలో అదే 242, కొన్ని స్క్వాడ్రన్లు కలిసి ఎగిరే డక్స్‌ఫర్డ్ ‘బిగ్ వింగ్’ గుంపుకు ముందు నిలిచి లండన్ వైపు ఎగిరింది. అప్పుడు చర్చ్ ఫెంటన్ నుంచి డక్స్‌ఫర్డ్‌కు సాగిన దారిలోనే, 2023లో ప్రదర్శన వెనక్కి నడిచింది. ఆ మైదానంలో మెర్లిన్ల చప్పుడు మళ్లీ వినిపించడం న్యాయమే. నా బాధల్లా, ఆ చప్పుడుకు అక్కడ గూడు లేకపోవడం.

మీ నాన్నగారు హైదరాబాదువారని రాశారు కాబట్టి ఒక మాట. 1940లో జర్మన్ విమానాలతో జరిగిన ‘బ్రిటన్ యుద్ధం’లో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరు ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’. దాని ముద్ర మీద ఉన్నది నిజాం తలపాగా. నినాదం ‘నమ్మకమైన మిత్రుడు’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. హరికేన్లు నడిపిన 253వ దానికి ‘హైదరాబాద్ స్టేట్’ అని పేరు. స్పిట్‌ఫైర్ దగ్గర నిలబడినప్పుడు ఈ విషయం చెబితే మన పెద్దవాళ్ల ముఖం వెలుగుతుంది. నేను ఎందరికో చెప్పి చూశాను.

ఇప్పుడు మీరు ఏమి చేయవచ్చు?

డక్స్‌ఫర్డ్‌లో మ్యూజియం వారే సొంతంగా వేసవి ప్రదర్శన, సెప్టెంబరులో బ్రిటన్ యుద్ధ ప్రదర్శన జరుపుతున్నారు. మీ నాన్నగారికి నడక కష్టమైతే సెప్టెంబరు మంచిది, ఎండ తక్కువ. అక్కడికి దగ్గరలోనే, బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో షటిల్‌వర్త్ కలెక్షన్ ఉంది. గడ్డి మైదానం, పక్కనే హ్యాంగర్లు, వెనకాల చెట్లు. 1909 నాటి బ్లెరియో విమానం కూడా గాలి పూర్తిగా నిలిచిన సాయంత్రాల్లో కాసేపు నేల విడుస్తుంది. ఇంట్లోనే పండుగ చేసుకునే చోటు అంటే అది. ఒక్కటే చూడగలిగితే నేను మిమ్మల్ని అక్కడి సాయంత్రపు ప్రదర్శనకు పంపుతాను.

ఇకముందు ఏ ప్రదర్శన చోటు మారిందని విన్నా, టికెట్టు కొనే ముందు నేను చూసేవి ఇవే. పాల్గొనే విమానాల్లో ఎన్ని ఆ మైదానంలోనే ఉంటాయి? గడ్డి రన్‌వే గానీ, గాలి దిశ మారితే వాడుకోవడానికి రెండో రన్‌వే గానీ ఉందా? విమానాలు ఎగరకపోతే డబ్బు వెనక్కిస్తారా? కార్ల దారులు ఎన్ని? మొదటి ప్రశ్నకు జవాబు బాగుంటే మిగతావాటితో సర్దుకుపోతాను. వారం ముందు టికెట్టు కొంటాను, నెలల ముందు కాదు. వాతావరణ సూచన చూసి శనివారమో ఆదివారమో తేల్చుకుంటాను.

ఒక్క కోరిక. గుంపులో మంచి చోటు దొరకాలని మధ్యాహ్నం దాకా ఆగకండి. గేట్లు తెరవగానే వెళ్లి, నాన్నగారిని విమానాల వరుస దగ్గరికి తీసుకెళ్లండి. గుండ్రటి ఇంజన్ల విమానాల దగ్గర ఇద్దరు మనుషులు ప్రొపెల్లరును చేత్తో, ఒక్కో బ్లేడూ లెక్కపెడుతూ తిప్పుతుంటారు. రాత్రంతా కింది సిలిండర్లలోకి దిగిన నూనె ఇంజనును విరగ్గొట్టకుండా చేసే పని అది. డకోటాల రోజుల్లో మేము ప్రతి ఉదయం చేసిందే. మీ నాన్నగారు ఏ విమానాల మీద పనిచేశారో మీరు రాయలేదు. అది డకోటా అయి ఉంటే, ఆయన పెదవులు వాళ్లతోపాటే లెక్కపెడతాయి, చూడండి.